మణికట్టు దగ్గర కొంచెం

కూకట్‌పల్లి,
ఆగస్టు 11, 2024.

మాస్టారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే ఫొటోలు తీసి ఫోన్లో పంపకుండా, నాలుగు బొమ్మల్నీ అట్టల మధ్య పెట్టి పోస్టు చేస్తున్నాను. పోస్టాఫీసులో అమ్మాయి లోపలేముందని అడిగింది. బొమ్మలన్నాను. "పగిలేవా?" అంది. కాగితం మీద గీసినవమ్మా అంటే, ఆ మాత్రానికి ఇంత హడావుడి దేనికన్నట్టు ముద్ర గుద్దింది.

మే నెలలో అమ్మని చూడ్డానికి నిడదవోలు వచ్చి, ఇరవై మూడేళ్ళ తర్వాత మీ ఇంటి తలుపు తట్టాను కదా. నా స్కెచ్ పుస్తకం తిరగేసి మీరొక్క మాటన్నారు. "వదిలెయ్యలేదన్నమాట." ఆ మాట పట్టుకుని ఈ మూడు నెలలూ బతికాను. మీ దగ్గర డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రెండూ ప్యాసైన మా బ్యాచ్ ఆరుగురిలో ఇంకా పెన్సిల్ పట్టుకుంటున్నది నేనొక్కదాన్నేనట.

నేనేం ఉద్యోగం చేస్తానో ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. పధ్నాలుగేళ్ళుగా అదే పని. తప్పు పట్టుకుంటే రాసినవాడికి కోపం, పట్టుకోకపోతే మేనేజరుకి కోపం. ఆఫీసు నానక్‌రామ్‌గూడలో తొమ్మిదో అంతస్తు. మీటింగుల్లో మైకు ఆపేసి, కెమెరా ఆపేసి, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని గీస్తుంటాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక వెనక మెట్ల వైపు వెళ్తాను. హౌస్‌కీపింగ్ వాళ్ళు అక్కడ కూర్చుంటారు. సత్తెమ్మ అని ఒకావిడ, నారాయణపేట దిక్కు నుంచి వచ్చింది. తడి గుడ్డ పిండుతుంటే గీశాను. "ఏందమ్మా, నన్ను గీస్తున్నవా? పనోళ్ళ బొమ్మ ఎవడు జూస్తడు? జర మంచిగనన్న గియ్యి" అంది. రెండోది కార్ల కింద అద్దం పెట్టి చూసే సెక్యూరిటీ యాదయ్య. మూడోది షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చున్న ఆడవాళ్ళు. నాలుగోది మా వంటిల్లు, అది మీరు చూడకపోయినా పర్లేదు.

సిగ్గు విడిచి ఒక్కటి చెప్తాను. మా ఇంట్లో, ఆఫీసులో అందరూ దీన్ని నా హాబీ అంటారు. నేనూ నవ్వి ఊరుకుంటాను. కానీ నాకిది కాలక్షేపం కాదు మాస్టారూ. ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చాయి. ఒక్కసారైనా "ఏం చేస్తుంటారు?" అని ఎవరైనా అడిగితే "బొమ్మలు వేస్తాను" అని చెప్పాలనుంది. ఇంకో మాటేదీ కలపకుండా.

ఎప్పట్లాగే దిద్ది పంపండి. మీరు దిద్దాకే కింద పేరు రాసుకుంటాను. ఆ అలవాటు పోలేదు.

మీ
ఉమాశ్రీ


నిడదవోలు,
సెప్టెంబరు 3, 2024.

చి.సౌ. ఉమాశ్రీకి ఆశీస్సులు.

కవరు నలగకుండా అందింది. నీ కళ్ళు మంచివి. పక్కనే ఉన్నా ఎవరూ చూడని మనుషుల్ని చూస్తున్నావు. ఇది పొగడ్త కాదు, ఉన్నమాట.

ఇక తప్పులు. యాదయ్య తలకాయ భుజాల మీద అతికించినట్టుంది. ఆటోలో వెనక కూర్చున్నామె మోకాలు ఎక్కడ మొదలైందో ఆమెకే తెలియదు. కొలతలన్నీ సరిపోయాయి గానీ ఒక్కళ్ళూ ఊపిరి తియ్యడం లేదు. సత్తెమ్మ గుడ్డ పిండుతోంది, నీళ్ళ బరువు చేతిలో లేదు. గుడ్డ పిండే చెయ్యి ఎలా ఉంటుందో పది రోజులు చూడు, తర్వాత ఒక్క పూట గియ్యి. నువ్వు ఒక్క పూట చూసి పది రోజులు గీశావు.

సత్తెమ్మ బొమ్మ ఇందులో పంపుతున్నాను. మణికట్టు దగ్గర కొంచెం దిద్దాను. మరేం లేదు. మిగతావి నా దగ్గర ఉంచుకున్నాను, తీరిగ్గా చూస్తాను.

నీ కాగితం మేలైనది. ఇక్కడ దొరకదు. ఖాళీవి ఓ పది పంపు, దిద్దే ముందు పక్కన గీసి చూసుకోవడానికి పనికొస్తాయి.

మా ఆవిడ పుణ్యవతి నిన్ను అడిగినట్టు రాయమంది. వేళ్ళ వాపు తగ్గలేదు. చపాతీ పిండి నేనే కలుపుతున్నాను. అదీ దిద్దాల్సి వస్తోందంటుంది.

సీతారామయ్య


కూకట్‌పల్లి,
అక్టోబరు 6, 2024.

మాస్టారూ!

నమస్కారాలు తర్వాత. కవరు విప్పి వంటింట్లోనే నేల మీద కూర్చుండిపోయాను. ఇది నేను వేసిందేనా? మణికట్టు దగ్గర నాలుగు గీతలు మారిస్తే మొత్తం మనిషే మారిపోతుందా? గుడ్డలోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు వినబడుతోంది నాకు. రోహిత్ స్నానం చేసి తువ్వాలుతోనే వచ్చి చూసి, "ఇన్నాళ్ళూ ఈ విద్య దాచుకుని నాకు ఉప్మా చేసి పెట్టావా?" అన్నాడు. మా ఆయన నోట్లోంచి ఇంతకంటే పెద్ద పొగడ్త రాదు.

ఎనిమిదో తరగతిలో మీరు నా బెంచీ మీద కూర్చుని, "ఇలా ఇయ్యి" అని పెన్సిల్ తీసుకుని రెండు గీతలు లాగితే చతికిలబడ్డ గుర్రం లేచి నిలబడేది. ఇంటికి తీసుకెళ్ళి నేనే వేశానని చూపించేదాన్ని. ఎవరూ కాదన్లేదు, మీరూ కాదన్లేదు. మన బళ్ళో గోడకి వేలాడిన బొమ్మలన్నీ అలా మీ చెయ్యి పడ్డవే కదా. ఇప్పుడూ అంతే, గబగబా కింద పేరు రాసేశాను.

బొమ్మ సత్తెమ్మకి చూపించాను. తన చెయ్యి పట్టుకుని చూసుకుంది. "నొప్పి గూడ గీసినవా బిడ్డా? పోయినేడు బాత్రూంల జారిపడ్డ. దవాఖానల పట్టి ఏసిన్రు. ఇక్కడ ఎవ్వరికీ జెప్పలే, చెప్తే పనిలకెళ్ళి తీసేస్తరని. నీకెట్ల తెల్సింది?" అంది. నాకు తెలియదు మాస్టారూ. నా చేతికి తెలిసిందేమో. ఆ రోజు సాయంత్రం ఆటోలో ఇంటికొస్తూ నా కుడిచేతిని నేనే కొత్తగా చూసుకున్నాను. నవ్వకండి.

ఖాళీ కాగితాలు పన్నెండు పంపుతున్నాను. యాదయ్యనీ, ఆటోనీ తొందరగా దిద్దండి. ఆఫీసులో మనుషుల్ని తగ్గిస్తారని గుసగుసలు. నాకైతే ఫికరే లేదు. కొంచెం ఆశగా కూడా ఉంది.

ఉమాశ్రీ


నిడదవోలు,
నవంబరు 19, 2024.

చి.సౌ. ఉమాశ్రీకి,

యాదయ్య, ఆటో, రెండూ పంపుతున్నాను, వంటిల్లు కూడా దిద్దకుండా అలాగే పెట్టాను. మెడల దగ్గర, మోకాళ్ళ దగ్గర దిద్దాను. కొంచెమే.

సత్తెమ్మకి ఎప్పుడో చెయ్యి విరగడం, ఆ బొమ్మలో అది కనబడడం కాకతాళీయం. దాని గురించి మరీ ఎక్కువ ఆలోచించకు.

ఆశగా ఉందని రాశావు. మనుషుల్ని తీసేస్తుంటే ఆశ ఏమిటి? ఉద్యోగం జాగ్రత్తగా చేసుకో. బొమ్మలు సరదాగా వేసుకుంటేనే బాగుంటాయి. వాటి మీద ఆధారపడితే అవి మనకి లొంగవు. నేను నెలకి రెండు బొమ్మలకంటే దిద్దలేను, కళ్ళు సహకరించడం లేదు.

సీతారామయ్య


కూకట్‌పల్లి,
జనవరి 5, 2025.

మాస్టారికి,

మీ ఉత్తరం చదివి నెల రోజులు అలిగాను. అది మీకు తెలియకపోవడంతో అలక దండగైంది. ఇప్పుడు అలక తీరింది. ఎందుకో చదవండి.

మాదాపూర్‌లో ఒక ఇంటి మేడ మీద పద్మావతి గారని ఒకావిడ చిన్న గ్యాలరీ నడుపుతున్నారు. మొహమాటానికి పొగడకుండా, చూసినదాన్ని చూసినట్టు మాట్లాడే మనిషి. పోయిన నెల పన్నెండు బొమ్మలు పట్టుకెళ్ళి ఇచ్చాను. వారం తర్వాత పిలిచారు. తొమ్మిది ఒక పక్కకి పెట్టారు. సత్తెమ్మ, యాదయ్య, ఆటో, ఈ మూడూ బల్ల మీద పరిచి ఉన్నాయి.

"ఇవి వేసేటప్పుడు మీకేదో జరిగిందండి. మిగతావి నేర్చుకుంటున్న చెయ్యి. ఇవి వేరు. ఈ మణికట్టు చూడండి, నేను ముప్ఫై ఏళ్ళుగా బొమ్మలు చూస్తున్నాను, ఇలాంటి గీత ఎప్పుడో గానీ తగలదు. ఇటువంటివి ఇరవై తయారు చెయ్యండి, మీ ఒక్కరి బొమ్మలతోనే ప్రదర్శన పెడదాం. ముందు ఏప్రిల్‌లో నలుగురితో కలిపి ఈ మూడూ పెడతాను" అన్నారు.

మెట్లు దిగి కింద చెప్పుల దగ్గర నిలబడి ఏడ్చాను. చెప్పులు ఏ కాలికి ఏది వేసుకున్నానో కూడా చూసుకోలేదు.

ఇక అసలు సంగతి. మా ఆఫీసులో ఇష్టపడి వెళ్ళిపోయేవాళ్ళు జనవరి 31లోగా పేరివ్వాలి. కొన్ని నెలల జీతం ఇచ్చి పంపిస్తారు. వెళ్ళినవాళ్ళని మళ్ళీ తీసుకోరు, అది ముందే చెప్పారు. రోహిత్ అన్నాడు, "రెండేళ్ళు నా జీతంతో లాగుదాం, నువ్వు గియ్యి" అని. అడగకుండానే బాల్కనీలో వాలు బల్ల ఒకటి చేయించాడు. ఇంత అదృష్టం ఎంతమందికి ఉంటుంది చెప్పండి. మీ ఆశీర్వాదం ఒక్కటే రావాలి.

ఉమాశ్రీ


నిడదవోలు,
జనవరి 17, 2025.

చి.సౌ. ఉమాశ్రీకి,

ఇక్కడ పొద్దున్నే మంచు బాగా పడుతోంది. ఎదురింటి గేటు కూడా కనిపించడం లేదు. ఎడమకంటికి శుక్లం ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఎండలు ముదిరేలోగా చేయించుకోవాలి. పుణ్యవతికి కొత్త మందు రాశారు.

ఉద్యోగానికి రాజీనామా ఇవ్వవద్దు. కారణం అడగవద్దు. పెద్దవాణ్ణి చెబుతున్నాను, అంతే అనుకో.

పద్మావతి గారికి ఆ మూడు బొమ్మలే నచ్చాయా? మిగతావాటిలో ఒక్కటి కూడా నచ్చలేదా? వంటిల్లు బొమ్మ ఇచ్చావా? అది నేను ముట్టుకోలేదు. అది కూడా చూడమను.

సీతారామయ్య


కూకట్‌పల్లి,
ఫిబ్రవరి 1, 2025.

మాస్టారికి,

నిన్న పేరిచ్చేశాను. మార్చి మొదటి వారంలో ఆఖరి రోజు.

కారణం అడగవద్దన్నారు. నేనే చెప్తాను వినండి. మీరు ముప్ఫై నాలుగేళ్ళు బళ్ళో చార్టులు గీశారు. ఆకు, దాని భాగాలు. కన్ను, దాని భాగాలు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో సీటొస్తే మీ నాన్నగారు పంపలేదని ఒకసారి మాకు క్లాసులో చెప్పి, వెంటనే బోర్డు వైపు తిరిగిపోయారు. మీకు దొరకనిది నాకు దొరుకుతుంటే మీ మనసు ఒప్పుకోవడం లేదు. ఇంత మాట రాస్తానని నేననుకోలేదు. రాశాక కొట్టెయ్యాలనిపించింది గానీ కొట్టెయ్యను.

30న మీ మిస్డ్ కాల్ చూశాను. కావాలనే తిరిగి చెయ్యలేదు. వద్దని చెప్తారు, మీ గొంతు వింటే నేను ఆగిపోతాను. ఆగిపోవడం నాకిష్టం లేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు జాగ్రత్త చెప్పడం, నేను సరేనని తలూపడం, ఇదే కదా ఇన్నేళ్ళూ.

కొత్తవి మూడు గీశాను. వాటిని మీకు పంపడం లేదు. దిద్దకుండానే పేరు రాసుకుంటాను.

ఉమాశ్రీ


నిడదవోలు,
ఫిబ్రవరి 6, 2025.

అమ్మా ఉమాశ్రీ,

నీ ఉత్తరంలో నా గురించి రాసింది నిజమే. కానీ నువ్వనుకున్న పద్ధతిలో కాదు. ఇది నీకు సెప్టెంబర్లోనే రాయవలసింది. రాయలేదు. 30న ఫోన్ చేశాను. ఒక్కసారి మోగగానే భయమేసి నేనే కట్ చేశాను. మళ్ళీ నొక్కలేదు. నువ్వు తీయలేదని చెప్పుకుని ఆ రాత్రి నిద్రపోయాను కూడా. అది నా నేరం.

సత్తెమ్మ బొమ్మ మొదట దిద్దే ఉద్దేశంతోనే తీశాను. మణికట్టు చెరిపాను. గియ్యబోతే చేతిలో బరువు ఎటుపోవాలో నాకూ తెలియలేదు. పుణ్యవతిని పిలిచి, తడి తువ్వాలు ఇచ్చి పిండమన్నాను. వేళ్ళ నొప్పితో పిండలేక పిండింది. పెళ్ళై నలభై ఎనిమిదేళ్ళు, ఆ చేతిని నేనెప్పుడూ బొమ్మ వేసేవాడిలా చూడలేదు. గియ్యడం మొదలుపెట్టాను. మణికట్టు వస్తే ముంజెయ్యి చాల్లేదు. ముంజెయ్యి మారిస్తే భుజం నప్పలేదు. చెరిపి చెరిపి కాగితం నూగు లేచింది.

నిన్ను ఖాళీ కాగితం అడుగుదామని అప్పటికింకా తోచలేదు. నీ అట్టల మధ్య వంగకుండా ఉండడానికి నువ్వు పెట్టిన తెల్లకాగితం ఒకటుంది, అదే రకం. నీ బొమ్మని కిటికీ అద్దానికి ఆనించి, పైన ఆ కాగితం పెట్టి, ఏదెక్కడుందో గుర్తులు పెట్టుకుని, మిగతాదంతా నేను గీశాను. నీకు పంపింది అదే. కాగితాలు పంపమన్నది మిగతా రెండింటి కోసం. యాదయ్య వంగిన నడుం మా వీధి చివర సైకిల్ షాపతనిది. ఆటోలో ఆడవాళ్ళలో ఇద్దరు మా ఎదురింటివాళ్ళు.

ఆ మూడింటిలోనూ నీ గీత ఒక్కటీ లేదమ్మా. కింద నువ్వు రాసుకున్న పేరు తప్ప.

నీ గీతని మెరుగుపరుస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల కాగితాల మీద గీశాను. నాకంటూ ఒక కాగితం పెట్టుకుని ఎవర్ని గియ్యాలో ఎప్పుడూ తెలియలేదు. నువ్వు పంపిన మనుషుల్ని చూడగానే చెయ్యి ఆగలేదు. నీ పేరు మీద నేను బతికాను. నా డెబ్భై నాలుగేళ్ళలో అంత సుఖంగా ఎప్పుడూ లేను.

ఇప్పటికైనా ఆ రాజీనామా వెనక్కి తీసుకునే దారుందేమో అడుగు. కాళ్ళు పట్టుకుని అయినా అడుగు.

సీతారామయ్య


కూకట్‌పల్లి,
ఫిబ్రవరి 14, 2025.

మాస్టారికి,

అడిగాను. లేదన్నారు.

నా మూడు బొమ్మలూ నాకు పంపండి. నూగు లేచినది కూడా.

ఉమాశ్రీ


నిడదవోలు,
ఫిబ్రవరి 21, 2025.

అమ్మా,

మూడూ పంపుతున్నాను. పారెయ్యలేదు, ట్రంకు పెట్టెలో అడుగున పెట్టాను.

పుణ్యవతికి అంతా చెప్పాను. "ఆ పిల్ల నోటి దగ్గర అన్నం లాక్కుని, మళ్ళీ ఆ పనికి నా చెయ్యి వాడుకున్నావా?" అంది. వారం రోజులుగా నాతో అవసరానికి మించి మాట్లాడడం లేదు.

నాకొక్కటే మార్గం తోస్తోంది. పద్మావతి గారికి ఏమీ చెప్పకు. బొమ్మలు నీ పేరుతోనే గోడకెక్కనీ. ఇంకా కావాలంటే నేను వేసి పంపుతాను, నువ్వు పేరు రాసుకో. ఎవరికీ తెలియదు. నాకు పేరు వద్దు. ఇది నేను చేసిన తప్పుకి పరిహారం అనుకో.

సీతారామయ్య


కూకట్‌పల్లి,
మార్చి 16, 2025.

మాస్టారికి,

మీరు చెప్పిన మార్గం గురించి నాలుగు రోజులు ఆలోచించాను. ఆలోచించలేదని అబద్ధం చెప్పను. నాలుగో రోజు నా బొమ్మలు కవర్లోంచి తీసి మీ వాటి పక్కన పెట్టి చూశాను. వేరేవాళ్ళ తప్పులు పట్టుకుని పధ్నాలుగేళ్ళు జీతం తీసుకున్నదాన్ని, నా చేతిలో కాగితం మారిపోతే పోల్చుకోలేకపోయాను. పోల్చుకోవాలని లేదు, అదీ సంగతి. నా చెయ్యి అంత గొప్పదని నమ్మడం హాయిగా ఉండింది.

పద్మావతి గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. రెండు సత్తెమ్మల్నీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. తర్వాత కుర్చీ లాక్కుని, టీ కప్పు పట్టుకుని, "నా చెయ్యి గియ్యండి" అన్నారు. పరీక్ష పెట్టాలని కాదు, నాకు ఒక అవకాశం ఇద్దామని. అరగంట గీశాను. మీరు చెప్పినవన్నీ గుర్తు పెట్టుకున్నాను. కప్పు బరువు, ఎముక, చర్మం కింద ఎముక కదిలే చోటు. మనసంతా పెట్టాను మాస్టారూ. అంతకంటే ఎక్కువ పెట్టడం నాకు చేతకాదు.

ఆవిడ కాగితం తీసుకుని చూసి, "బాగుందండి, తప్పేం లేదు" అన్నారు.

తప్పేం లేదు. ఆఫీసులో ప్రతి సాయంత్రం నేను జనానికి రాసి పంపిన మాట అదే. ఏమీ బాగా లేనప్పుడు కూడా అదే రాసేదాన్ని.

ఆవిడ కాగితం బల్ల మీద పెట్టి, "ఆ మాస్టారు ఉన్నారా?" అని అడిగారు. ఉన్నారన్నాను. అడిగేటప్పుడు ఆవిడ కళ్ళల్లో ఉన్న వెలుగు, జనవరిలో నా కోసం ఉన్న వెలుగే. ఏప్రిల్ 19న ఆ మూడు బొమ్మలూ మీ పేరుతో పెడతారు. మీరు వస్తారా అని కనుక్కోమన్నారు. తర్వాత మీ ఒక్కరి ప్రదర్శన గురించి మాట్లాడాలట.

సత్తెమ్మకి కూడా చెప్పాను, ఆఫీసులో ఆఖరి రోజున. "అయితే గా చెయ్యి నాది గాదా?" అంది. మా మాస్టారి భార్యదన్నాను. "పాపం, ఆమెకు గూడ గింత నొప్పుందా" అంది. నా గురించి ఏమీ అడగలేదు. అడగడానికేముంది.

రోహిత్ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఉమాశ్రీ


నిడదవోలు,
మార్చి 24, 2025.

చి.సౌ. ఉమాశ్రీకి ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. రోజూ క్షమాపణ రాయాలని కూర్చుంటున్నాను, కలం పెట్టగానే సంతోషం అడ్డం వస్తోంది. ఇలా ఉండకూడదని తెలుసు. దాచుకోవడం చేతకావడం లేదు. డెబ్భై నాలుగేళ్ళ తర్వాత ఒకళ్ళు "ఆ మాస్టారు ఉన్నారా" అని అడిగారు.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి రెండు టికెట్లు తీసుకున్నాను. 18 పొద్దున లింగంపల్లిలో దిగుతాం. పుణ్యవతి కూడా వస్తుంది. గోడ మీద తన చెయ్యి చూస్తుందట. కోపం పోలేదు గానీ చీర తీసి ఇస్త్రీకి ఇచ్చింది. ఆపరేషన్ వాయిదా వేశాను, ఒక కన్ను చాలు. ఈ మూడు రోజుల్లోనే రెండు బొమ్మలు వేశాను. ఇరవై కావాలన్నారు కదా.

నువ్వు దిగులుపడకు. చదువుకున్నదానివి, ఇంకా చిన్నదానివి, ఈ ఉద్యోగం కాకపోతే ఇంకొకటి దొరుకుతుంది. బొమ్మలెప్పుడూ నీకు తోడుంటాయి. నాకు ఇదొక్కటే మిగిలింది.

బల్ల చేయించాడన్నావు కదా రోహిత్, దాని ముందు కూర్చుని రోజూ గీస్తున్నావా?

సీతారామయ్య


కూకట్‌పల్లి,
ఏప్రిల్ 12, 2025.

మాస్టారికి నమస్కారాలు.

18న నేనూ రోహిత్ స్టేషన్‌కి వస్తాం. మీరు మెట్లెక్కవద్దు, రైలు దిగి అక్కడే నిలబడండి. మా ఇంట్లోనే ఉండాలి. పుణ్యవతి పిన్నిగారికి వేడినీళ్ళ ఏర్పాటు ఉంది. కోపంతో రాయడం లేదు, నిజంగానే రమ్మంటున్నాను. మీ సంతోషం చూసి ఒళ్ళు మండింది, తర్వాత ఏడుపొచ్చింది, ఇప్పుడు రెండూ లేవు. మీ బొమ్మలు గోడకి ఉండాల్సినవే. అది నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు.

గీస్తున్నావా అని అడిగారు. లేదు. పధ్నాలుగేళ్ళు మీటింగుల్లో దొంగతనంగా గీసుకుంటూ, ఒక్క రోజు మొత్తం నాదైతే ఏమేం వేస్తానో లెక్కలేసుకున్నాను. ఇప్పుడు రోజులన్నీ నావే. బల్ల ముందు కూర్చుంటాను. పెన్సిల్ పెట్టగానే ఇది "తప్పేం లేని" గీత అని తెలిసిపోతుంది. ముందు తెలిసేది కాదు, అందుకే గీయగలిగేదాన్ని. రోహిత్ ఆఫీసు నుంచి వచ్చి బల్ల వైపు చూడకుండా లోపలికి వెళ్తాడు. మొన్న రెండు కంపెనీలకి దరఖాస్తు పెట్టాను. హాబీలు అన్నచోట ఖాళీ వదిలేశాను.

పద్మావతి గారు నిన్న పిలిచారు. బొమ్మల కింద పెట్టే చీటీలు అచ్చువి బాగుండవు, చేత్తో రాస్తే బాగుంటుంది, మీరు రాస్తారా అన్నారు. అక్కడే కూర్చుని మూడు చీటీల మీదా మీ పేరు రాశాను. సీతారామయ్య, నిడదవోలు. తొందరపడలేదు.

ఆవిడ ఒక చీటీ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "ఎంత బాగా రాశారండీ" అన్నారు. ఈసారి ఊరికే అనలేదు.

ఉమాశ్రీ